విదేశీ విశ్వవిద్యాలయ చదువు: బళ్ళారి సరిహద్దు కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నాటి బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి, సిరుగుప్ప, హోసపేట మొదలైన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. గీత పొలాల మధ్య పడింది గాని బంధుత్వాలు తెగలేదు. నేటికీ ఈ ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కళాశాలలో ఆంగ్లం చదివే పిల్లలు వేలల్లో ఉన్నారు. పొలం ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలూ కొన్ని ఉన్నాయి.

ఇటువంటి ఇళ్ళ నుండి కూడా పిల్లలు అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా, కెనడా దేశాల విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు. 2024-25 విద్యాసంవత్సరంలో అమెరికా ఒక్క దేశంలోనే 3,63,019 మంది భారతీయ విద్యార్థులు ఉన్నట్లు అక్కడి అంతర్జాతీయ విద్యా నివేదిక తెలిపింది. పట్టణంలోని ఉద్యోగి కుటుంబానికి ఈ ప్రయాణం ఒక పెద్ద ఖర్చు. కాలువ కింద నాలుగెకరాల మాగాణి ఉన్న కుటుంబానికి మాత్రం అది ఆ నాలుగెకరాలకు సంబంధించిన నిర్ణయం. కనుక ఏ పని ఎప్పుడు చేయాలో, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఏ మాట నమ్మరాదో ముందుగా తెలిసి ఉండటం అవసరం.

ముందు కోర్సు, తరువాత దేశం

అనేక ఇళ్ళలో సంభాషణ "ఏ దేశం పంపుదాం?" అనే ప్రశ్నతో మొదలవుతుంది. మొదట అడగవలసినది "ఏమి చదవాలి, ఆ చదువుకు విదేశం అవసరమా?" అన్న ప్రశ్న. ఇంజనీరింగు పూర్తిచేసి పరిశోధన లేదా ప్రత్యేక రంగంలో నైపుణ్యం కోరే విద్యార్థికి విదేశీ స్నాతకోత్తర విద్య ఉపయోగపడుతుంది. ఏ శాఖలో చదవాలో తేలనివారికి అది ఖరీదైన కాలయాపన అవుతుంది.

డిగ్రీ కాలపరిమితిని కూడా ఇక్కడే చూసుకోవాలి. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలు స్నాతకోత్తర ప్రవేశానికి 16 సంవత్సరాల విద్యను కోరుతాయి. బి.ఇ. చదివినవారికి ఈ ఇబ్బంది లేదు. మూడేళ్ళ బి.ఎస్సీ., బి.కాం. చదివినవారు ప్రతి విశ్వవిద్యాలయం నిబంధననూ విడిగా పరిశీలించాలి. కర్ణాటకలో 2021-22లో ప్రవేశపెట్టిన నాలుగేళ్ళ డిగ్రీ విధానాన్ని 2024-25 నుండి విరమించి తిరిగి మూడేళ్ళ డిగ్రీకి వచ్చారు. అందువల్ల ఒకే కళాశాలలో అన్న చదివిన డిగ్రీ, తమ్ముడు చదివే డిగ్రీ ఒకే కాలపరిమితి కలవి కాకపోవచ్చు. అన్నకు వచ్చిన ప్రవేశం తమ్ముడికీ వస్తుందని అనుకోరాదు.

పద్దెనిమిది నెలల కాలపట్టిక

విదేశాలలో ప్రధాన ప్రవేశాలు ఆగస్టు-అక్టోబరు మధ్య జరుగుతాయి. జనవరి-మార్చి మధ్య రెండవ విడత ప్రవేశాలు కొన్ని దేశాలలో ఉంటాయి. ఆస్ట్రేలియాలో విద్యాసంవత్సరం ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది. బయలుదేరే నెలకు పద్దెనిమిది నెలల ముందు పని ప్రారంభిస్తే తొందరపాటు ఉండదు.

మొదటి ఆరు నెలలు: పాస్‌పోర్టు, పేర్ల సవరణ, ఆంగ్ల పరీక్షకు తయారీ, విశ్వవిద్యాలయాల జాబితా.

తరువాతి ఆరు నెలలు: పరీక్షలు వ్రాయుట, ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుట, అధ్యాపకుల సిఫారసు లేఖలు, దరఖాస్తులు. బ్యాంకులో ఆస్తి పత్రాల పరిశీలన కూడా ఈ దశలోనే మొదలు కావాలి.

చివరి ఆరు నెలలు: ప్రవేశపత్రం, రుణ మంజూరు, వీసా, వసతి, ప్రయాణం.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థి ఆ ఏడాది జూన్‌లో ఫలితాలు వచ్చాక ఆలోచించి, సెప్టెంబరులో వెళ్ళాలనుకొంటే చేతిలో మూడు నెలలే ఉంటాయి. కన్సల్టెన్సీల వారు చెప్పిన ఏ విశ్వవిద్యాలయమైనా సరే అనే స్థితి అప్పుడే కలుగుతుంది.

పేరు, ఊరు, జిల్లా: కాగితాలలో తేడాలు

సరిహద్దు కుటుంబాలకు అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది పేరు. కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి. పట్టికలలో సాధారణంగా పేరు ముందు, పొడి అక్షరం తరువాత ఉంటుంది. ఆంధ్ర ధ్రువపత్రాలలో ఇంటిపేరు పూర్తిగా, ముందుగా ఉంటుంది. కొంతకాలం ఇక్కడ, కొంతకాలం అమ్మమ్మగారి ఊరిలో చదివిన పిల్లల కాగితాలలో రెండు రకాలూ కనిపిస్తాయి. పాస్‌పోర్టులో పొడి అక్షరాలకు బదులు పూర్తి ఇంటిపేరు వ్రాయించుకోవాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలిన పాస్‌పోర్టుపై అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఉన్న ఒక్క పేరును ఇంటిపేరుగా ముద్రించి, అసలు పేరు తెలియదనే సంకేతాక్షరాలు వేస్తారు. తరువాత బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, ఉద్యోగ పత్రాలు అన్నింటా అదే పేరు వెంటాడుతుంది.

ఊరి పేరుతోనూ చిక్కు ఉంది. 2014 నవంబరు 1 నుండి ఆంగ్లంలో బళ్ళారి అక్షరక్రమం అధికారికంగా మారింది. పాత జనన ధ్రువపత్రంలో ఒక రీతిగా, కొత్త ఆధార్‌లో మరొక రీతిగా ఉండవచ్చు. 2021లో హోసపేట కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయింది. కూడ్లిగి, హగరిబొమ్మనహళ్ళి, హడగలి ప్రాంతాల వారి పాత కాగితాలలో బళ్ళారి జిల్లా అని, కొత్తవాటిలో విజయనగర జిల్లా అని ఉంటుంది. ఇది తప్పు కాదు, దోషమూ కాదు. అయితే దరఖాస్తులన్నింటిలో ఒకే రూపాన్ని వాడాలి. పాస్‌పోర్టులో ఉన్నదే ప్రమాణంగా పెట్టుకోవడం ఉత్తమం.

2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవారు పుట్టిన తేదీ నిరూపణకు ఎస్.ఎస్.ఎల్.సి. పట్టిక, బదిలీ పత్రం వంటివి పాస్‌పోర్టు కార్యాలయానికి చూపవచ్చు. ఆ తరువాత పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే ఆధారం. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు ఈ విషయం ఇప్పుడే గమనించాలి.

డిగ్రీ మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు ఏ విశ్వవిద్యాలయం పట్టా ఇచ్చిందో అక్కడి నుండే రావాలి. ఇంజనీరింగు వారికి బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం, ఇతర డిగ్రీల వారికి బళ్ళారిలోని విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఆధారం. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 2010లో ఏర్పడింది. అంతకు ముందు చదివినవారు కలబురగిలోని గుల్బర్గా విశ్వవిద్యాలయానికి వెళ్ళవలసి ఉంటుంది. మూసివేసిన ట్రాన్స్‌క్రిప్టు కవర్లు కనీసం అయిదు సెట్లు ఒకేసారి తెచ్చుకొంటే మళ్ళీ ప్రయాణం తప్పుతుంది.

ప్రవేశ పరీక్షలు

ఆంగ్ల పరిజ్ఞానానికి ఐ.ఇ.ఎల్.టి.ఎస్., టోఫెల్, పి.టి.ఇ. పరీక్షలు ప్రసిద్ధమైనవి. వీటి ఫలితాలు రెండేళ్ళ పాటు చెల్లుతాయి. అమెరికాలో కొన్ని కోర్సులకు జి.ఆర్.ఇ. కోరుతారు. దాని ఫలితం అయిదేళ్ళు చెల్లుతుంది. 2023 సెప్టెంబరు నుండి జి.ఆర్.ఇ. నిడివిని సుమారు రెండు గంటలకు తగ్గించారు.

పల్లె పాఠశాలలో చదివిన విద్యార్థికి వ్రాతలో కంటే మాట్లాడటంలో, వినడంలో కష్టం ఎక్కువగా ఉంటుంది. రోజూ అరగంట ఆంగ్ల వార్తలు విని, విన్నది తిరిగి గట్టిగా చెప్పడం ఖర్చులేని అభ్యాసం. ఈ పరీక్షలో మంచి మార్కులు వీసా కోసమే కావు. మొదటి తరగతిలో ఆచార్యుడు చెప్పేది అర్థం కావడానికీ అవి కొలమానం.

దేశాల వారీగా చూపవలసిన సొమ్ము

ప్రతి దేశమూ విద్యార్థి జీవనవ్యయానికి తగిన సొమ్ము ఉన్నట్లు నిరూపణ కోరుతుంది. బోధనా రుసుము దీనికి అదనం.

జర్మనీ: 2024 సెప్టెంబరు నుండి సంవత్సరానికి 11,904 యూరోలు ‘బ్లాక్డ్ అకౌంటు’లో వేయాలి. నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే తీసుకొనుటకు వీలవుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావాటిలో బోధనా రుసుము లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థులకు 2017 నుండి సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంది. భారతీయ విద్యార్థులకు 2022 నవంబరు నుండి ఎ.పి.ఎస్. అనే పత్ర పరిశీలన ధ్రువపత్రం తప్పనిసరి. కర్ణాటక వాసులకు బెంగళూరులోని జర్మనీ కాన్సులేట్ పరిధి వర్తిస్తుంది.

బ్రిటన్: 2025 నవంబరు నుండి లండనులో నెలకు 1,529 పౌండ్లు, ఇతర చోట్ల 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల వ్యయం చూపాలి. ఆ సొమ్ము ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. క్షయ పరీక్ష ధ్రువపత్రం, సంవత్సరానికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము ఉంటాయి. 2024 జనవరి నుండి పరిశోధన కోర్సుల వారు తప్ప ఇతర విద్యార్థులు భార్యను లేదా భర్తను వెంట తీసుకొనిపోవుటకు వీలులేదు.

కెనడా: 2025 సెప్టెంబరు నుండి ఒంటరి విద్యార్థి 22,895 కెనడా డాలర్లు చూపాలి. త్వరిత వీసా పద్ధతి 2024 నవంబరులో రద్దయింది.

ఆస్ట్రేలియా: 2024 మే నుండి 29,710 ఆస్ట్రేలియా డాలర్లు. 2025 జూలై నుండి వీసా దరఖాస్తు రుసుమే 2,000 డాలర్లు. వీసా నిరాకరించినా ఈ రుసుము తిరిగి రాదు.

అమెరికా: ఒక సంవత్సరపు మొత్తం వ్యయానికి ఆధారం చూపిన తరువాత విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం ఇస్తుంది. ఆపై 350 డాలర్ల సెవిస్ రుసుము, 185 డాలర్ల వీసా రుసుము చెల్లించి ఇంటర్వ్యూకు హాజరు కావాలి. 2025 జూన్ నుండి విద్యార్థి వీసా కోరేవారు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనిపించేటట్లు ఉంచాలని నిబంధన వచ్చింది.

ఈ అంకెలు తరచుగా మారుతాయి. దరఖాస్తు చేసే నెలలో ఆయా ప్రభుత్వాల అధికారిక పుటలో సరిచూసుకోవాలి.

బ్యాంకు రుణం, వడ్డీ లెక్క

బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల రూపాయల వరకు పూచీ అవసరం లేదు. 7.5 లక్షలు దాటితే సాధారణంగా ఆస్తిని తనఖా పెట్టాలి. విదేశీ చదువుకు ఖర్చులో 15 శాతం కుటుంబం భరించాలి. 2015 ఆగస్టు 15న ప్రారంభమైన ‘విద్యాలక్ష్మి’ జాలస్థలి ద్వారా ఒకే దరఖాస్తుతో పలు బ్యాంకులను సంప్రదించవచ్చు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘ప్రధానమంత్రి విద్యాలక్ష్మి’ పథకం వేరు. అది దేశంలోని ఎంపిక చేసిన విద్యాసంస్థలకే పరిమితం, విదేశీ చదువుకు వర్తించదు. రెండు పేర్లూ దగ్గరగా ఉన్నందున పొరపాటు పడే అవకాశం ఉంది.

రైతు కుటుంబాలు ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం మరొకటి. వ్యవసాయ భూమిని తనఖాగా అంగీకరించుటకు అనేక బ్యాంకులు వెనుకాడుతాయి. బకాయి పడిన ఆస్తిని న్యాయస్థానానికి వెళ్ళకుండా స్వాధీనం చేసుకొనే 2002 నాటి సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించకపోవడమే దీనికి ప్రధాన కారణం. ఇల్లు, నివేశన స్థలం, బ్యాంకు డిపాజిట్లు, జీవిత బీమా పాలసీలు వంటివి కోరుతారు. గ్రామంలోని ఇంటికి పంచాయతీ నుండి ఇ-స్వత్తు నమూనా 9, 11 పత్రాలు, సబ్‌రిజిస్ట్రారు నుండి ఋణభార ధ్రువపత్రం ఉండాలి. తాతగారి పేరిటే ఉండిపోయిన ఇల్లు, పంపకం కాని ఉమ్మడి ఆస్తి తనఖాకు పనికిరావు. వాటి సవరణకు నెలలు పడుతుంది. ఆస్తి సరిహద్దు అవతల ఆంధ్రలో ఉంటే అక్కడి న్యాయవాది అభిప్రాయం, అక్కడి విలువ నిర్ధారణ కావాలి గనుక మరికొంత గడువు పెట్టుకోవాలి.

బ్యాంకు ఆలస్యం చేసినప్పుడే చేబదులు అప్పు గుర్తుకు వస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. బ్యాంకు వడ్డీకి ఇది రెండు మూడు రెట్లు. విదేశీ చదువు వంటి దీర్ఘకాలపు ఖర్చును ఈ అప్పుతో మోయడం ఏ పంటకూ సాధ్యం కాదు.

బ్యాంకు అప్పునూ లెక్క వేసే తీసుకోవాలి. ఉదాహరణకు 30 లక్షల రుణం, 11 శాతం వడ్డీ, పదేళ్ళ వాయిదాలు అనుకుందాం. వెంటనే కట్టడం మొదలుపెడితే నెల వాయిదా సుమారు 41,300 రూపాయలు. రెండేళ్ళ చదువు, ఆపై ఒక సంవత్సరం విరామం తీసుకొని వడ్డీ కూడా కట్టకుండా వదిలితే, సొమ్మంతా ఒకేసారి విడుదలైనదనుకొన్నచో దాదాపు 10 లక్షలు వడ్డీగా చేరుతుంది. అప్పుడు నెల వాయిదా సుమారు 55,000 రూపాయలు అవుతుంది. చదువు కాలంలో వడ్డీ మాత్రమైనా కడుతూ ఉంటే ఈ భారం పెరగదు. పిల్లవాడు విదేశీ ఉద్యోగం చేయక తిరిగి వచ్చి, బెంగళూరులో జీతం తీసుకొన్నా ఈ వాయిదా కట్టగలడా అని ప్రశ్నించుకొని రుణ పరిమాణం నిర్ణయించాలి.

రూపాయి విలువను కూడా మరువరాదు. 2015లో డాలరు సుమారు 64 రూపాయలు. 2025 డిసెంబరులో 90 దాటింది. 40,000 డాలర్ల రుసుము నాడు 25.6 లక్షలు, నేడు 36 లక్షలు. రెండవ సంవత్సరపు రుసుముకు కొంత అదనంగా మిగుల్చుకోవాలి.

రుణం నుండి కాక సొంత సొమ్ము విదేశానికి పంపేటప్పుడు ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు కొంత పన్ను వసూలు చేస్తుంది. గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన విద్యారుణం నుండి పంపితే 2025 ఏప్రిల్ నుండి ఈ వసూలు లేదు.

ఉపకార వేతనాలు: ఏ రాష్ట్రం వారు ఎక్కడ అర్హులు?

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ నిర్వహించే జాతీయ విదేశీ ఉపకార వేతనం ఎంతో పాతది. షెడ్యూల్డు కులాలు, విముక్త సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల వారికి ఏటా 125 స్థానాలు ఉంటాయి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలకు మించరాదు, వయస్సు 35 లోపు ఉండాలి, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు కావాలి. షెడ్యూల్డు తెగల వారికి గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ విడిగా ఏటా 20 స్థానాలు ఇస్తుంది. కర్ణాటక సాంఘిక సంక్షేమ శాఖకు ‘ప్రబుద్ధ’ అనే పథకం ఉంది. మైనారిటీలకు వడ్డీ రాయితీ ఇచ్చిన కేంద్ర పథకం ‘పఢో పర్‌దేశ్’ 2022-23 నుండి నిలిచిపోయింది. ఇంకా ఉన్నదని చెప్పి రుసుము అడిగేవారిని నమ్మరాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ప్రకటించే విదేశీ విద్యా పథకాలు తెలుగువారందరికీ కావు, ఆయా రాష్ట్రాల స్థిరనివాసులకే వర్తిస్తాయి. రాయదుర్గంలో మేనమామ ఉన్నంత మాత్రాన సిరుగుప్ప విద్యార్థి అక్కడ అర్హుడు కాడు.

కులాల జాబితాలోనూ గీత ఒక గోడవలె ఉంది. వాల్మీకి నాయకులు కర్ణాటకలో షెడ్యూల్డు తెగ. గీత అవతల మైదాన ప్రాంత బోయలు వెనుకబడిన తరగతి. లంబాణీలు కర్ణాటకలో షెడ్యూల్డు కులం, ఆంధ్రలో సుగాలీలు షెడ్యూల్డు తెగ. భోవిలు ఇక్కడ షెడ్యూల్డు కులం, అక్కడ వడ్డెరలు వెనుకబడిన తరగతి. కనుక పెళ్ళి వలన లేదా వలస వలన రాష్ట్రం మారిన కుటుంబాలు ఏ రాష్ట్రపు ధ్రువపత్రం తమకు చెల్లుతుందో తహసీల్దారు కార్యాలయంలో ముందే తేల్చుకోవాలి. బళ్ళారి వారికి కుల, ఆదాయ పత్రాలు నాడకచేరిలో లభిస్తాయి. రెండు రాష్ట్రాలలోనూ పత్రాలు తీసుకోరాదు. తరువాత పట్టుబడితే ఉపకార వేతనం వడ్డీతో తిరిగి కట్టవలసి వస్తుంది.

మోసాల చరిత్ర

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై అమెరికా అధికారులు దాడి చేశారు. అందులో 1,500 మందికి పైగా విద్యార్థులు నమోదై ఉండగా, వారిలో అత్యధికులు భారతీయులు, ముఖ్యంగా నాటి ఆంధ్రప్రదేశ్ వారు. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు తొడిగిన దృశ్యాలు తెలుగునాట కలవరం రేపాయి. సంస్థ స్థాపకురాలికి 2014లో 16 సంవత్సరాలకు పైగా కారాగార శిక్ష పడింది. విద్యార్థుల చదువు, సొమ్ము మాత్రం తిరిగి రాలేదు.

2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. దానిని అక్రమాలను పట్టుకొనుటకు అమెరికా ప్రభుత్వమే నడిపింది. అక్కడ తరగతులు లేవు, ఆచార్యులు లేరు. చదువు పేరిట వీసా నిలుపుకొని ఉద్యోగం చేయదలచినవారు చేరారు. అరెస్టయినవారిలో తెలుగు విద్యార్థులు ఎక్కువ మంది. విద్యార్థులను చేర్చిన ఎనిమిది మందిపై కేసులు నమోదయ్యాయి. 2023లో కెనడాలో దొంగ ప్రవేశపత్రాల వ్యవహారం వెలుగు చూసింది. ఆ విద్యార్థులలో చాలామంది పంజాబు వారు. ఏజెంటు ఇచ్చిన పత్రం నకిలీదని వారిలో పలువురికి ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

ట్రైవ్యాలీ, ఫార్మింగ్టన్ రెండూ ప్రభుత్వ గుర్తింపు జాబితాలో కనిపించినవే. కాబట్టి జాబితాలో పేరు ఉండటం అవసరమే గాని అది చాలదు. ఆచార్యుల పేర్లు, వారి పరిశోధనలు, ప్రయోగశాలలు, తరగతుల సమయపట్టిక కనిపించాలి. ప్రస్తుతం అక్కడ చదువుతున్న ఇద్దరు విద్యార్థులతో నేరుగా మాట్లాడాలి. "మొదటి రోజు నుండే ఉద్యోగం చేసుకోవచ్చు, తరగతికి వెళ్ళనవసరం లేదు" అన్న మాట వినిపిస్తే అది విశ్వవిద్యాలయం కాదని గ్రహించాలి.

కన్సల్టెన్సీ వద్దకు వెళ్ళడం తప్పు కాదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి వలస చట్టం కింద నమోదు కావాలి. విద్యా సలహాదారులకు ఆ నమోదు వర్తించదు. కనుక జాగ్రత్త కుటుంబానిదే. పాటించవలసిన నియమాలు ఇవి:

దరఖాస్తు, వీసా ఖాతాల మెయిల్, సంకేతపదం విద్యార్థి చేతిలోనే ఉండాలి.

బోధనా రుసుము విశ్వవిద్యాలయం ఖాతాకే బ్యాంకు ద్వారా పంపాలి. ఏజెంటు సొంత ఖాతాకు పంపరాదు.

ప్రవేశపత్రం నిజమైనదో కాదో విశ్వవిద్యాలయానికే మెయిల్ వ్రాసి తెలుసుకోవాలి.

ఖాతాలో నెల రోజుల పాటు అద్దె సొమ్ము చూపిస్తామనేవారిని, లేని అనుభవపత్రాలు సృష్టిస్తామనేవారిని దూరంగా ఉంచాలి. పత్రం నకిలీదని తేలితే ఆ దేశం తలుపు ఏళ్ళ తరబడి మూసుకుపోతుంది. ఆ దోషం ఏజెంటు మీద కాక విద్యార్థి పేరు మీదే నిలుస్తుంది.

ఒరిజినల్ ధ్రువపత్రాలు ఎవరి వద్దా ఉంచరాదు.

వైద్యవిద్యకు వెళ్ళేవారు

విదేశీ వైద్యవిద్యకు నీట్ ఉత్తీర్ణత తప్పనిసరి. 2021 నవంబరు నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, బోధన ఆంగ్లంలో జరగాలి, అదే సంస్థలో 12 నెలల శిక్షణ పొందాలి. ఆ దేశంలో వైద్యునిగా నమోదుకు అర్హత ఉండాలి. తిరిగి వచ్చాక అర్హత పరీక్షలో నెగ్గి, ఇక్కడ మరొక 12 నెలల శిక్షణ పూర్తిచేయాలి. వీటిలో ఒక్కటి లోపించినా పట్టా గోడకు తగిలించుకొనుటకే పనికివస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధ సమయంలో వేలాది భారతీయ వైద్య విద్యార్థులు చదువు మధ్యలో తిరిగి రావలసి వచ్చింది. ఉత్తర కర్ణాటకకు చెందిన ఒక విద్యార్థి అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. దేశపు పరిస్థితిని కూడా కోర్సుతో సమానంగా తూచాలి.

వెళ్ళిన తరువాత

విద్యార్థి పని గంటలకు చట్టబద్ధమైన హద్దులున్నాయి. చదువు జరిగే కాలంలో బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై కోర్సుల వారికి వారానికి 20, కెనడాలో 24, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు. అమెరికాలో విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే 20 గంటలు. ఈ సంపాదన చేతిఖర్చులకు సాయపడుతుంది. బోధనా రుసుము, బ్యాంకు వాయిదా దీనితో తీరుతాయని లెక్క వేసుకోరాదు. "నెలనెలా పంపు" అని ఇంటి నుండి వచ్చే ఒత్తిడే పిల్లలను అక్రమపు పనికి నెట్టే సందర్భాలు ఉన్నాయి.

చదువు తరువాతి ఉద్యోగ నిబంధనలూ స్థిరమైనవి కావు. అమెరికాలో 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. బ్రిటన్‌లో చదువు అనంతరం ఉండుటకిచ్చే రెండేళ్ళ గడువు 2027 జనవరి నుండి దరఖాస్తు చేసే డిగ్రీ, స్నాతకోత్తర విద్యార్థులకు 18 నెలలకు తగ్గుతుంది.

ఆరోగ్య బీమా తీసుకోవాలి. చేరిన వారంలోనే భారత రాయబార కార్యాలయం వద్ద, విదేశాంగశాఖ ‘మదద్’ జాలస్థలిలో వివరాలు నమోదు చేయాలి. వసతి చిరునామా, విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఫోను ఇంట్లో గోడమీద వ్రాసి ఉంచాలి. ఆడపిల్లను పంపుటకు జంకే తల్లిదండ్రులు ప్రాంగణపు వసతిగృహాన్ని మొదటి సంవత్సరానికి ఎంచుకోవచ్చు. ఒంటరితనం, పరీక్షలో వెనుకబాటు వంటివి చెప్పినప్పుడు మందలించక వినే ఇల్లు విద్యార్థికి పెద్ద బలం. ఒక సెమిస్టరు తప్పినా, చదువు ఆపి తిరిగి వచ్చినా బతుకు ముగియదని బయలుదేరక ముందే చెప్పి పంపాలి.

నూరేళ్ళ నాటి ఉదాహరణ

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ నగరం చేరి హార్వర్డు వైద్య సంస్థలో చదివాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయపడుతుందన్న హామీ, మామగారు సమకూర్చిన సొమ్ము ఆయనకు ఆధారం. ఉపకార వేతనం లేనందున ఆస్పత్రిలో సేవకునిగా రాత్రిపని చేశాడు. తరువాతి కాలంలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటి ఔషధాల ఆవిష్కరణలో ఆయన కృషి ప్రపంచానికి ఉపకరించింది.

ఆ ప్రయాణంలో కష్టం ఉంది గాని అబద్ధం లేదు. చేరిన సంస్థ నిజమైనది, చదివిన చదువు నిజమైనది, సాయం చేసినవారు ఎవరో తెలిసినది. నేటి సరిహద్దు కుటుంబం సరిచూసుకోవలసినవీ ఈ మూడే. ఇవి సరిగా ఉన్నచోట ఆలస్యమైనా నష్టం రాదు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది వెళ్ళవచ్చు. అమ్మిన మాగాణి మాత్రం వచ్చే ఏడాది తిరిగి రాదు.